నాకెందుకీ పరీక్ష

ఆ యేడు వానలు మొదలైన వారానికి, ఒక మధ్యాహ్నం పూట, లెక్కల మాస్టారు మా లాండ్రీ వెనక గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అంతకు ముందెప్పుడూ అలా రాలేదు. నలుగురి కళ్లలో పడడం ఆయనకు గిట్టదు. నేను దుప్పటి కొస పట్టుకుని రోలరులోకి తోస్తున్నాను. అవతలి కొస పట్టుకున్న మనిషి కళ్లతోనే గేటు వైపు చూపించి, మూతి బిగించి నవ్వింది.

మాది ఒక పెద్ద హోటల్ కింది అంతస్తులో లాండ్రీ. రోజుకు నాలుగైదు వందల దుప్పట్లు ఉతికి, ఆవిరి రోలరులో వేసి, మడతపెట్టి పైకీ, చుట్టుపక్కల చిన్న హోటళ్లకీ పంపుతాం. బయట ఏ కాలమైనా లోపల ఒకటే ఉక్క. గేటు తీయగానే చల్లగాలి తగిలి ఒళ్లు జిల్లుమంది.

"నీతో ఒక మాట చెప్పాలి," అన్నాడు. గొడుగు నా మీదికి పట్టి తను తడుస్తున్నాడు.

పెళ్లి మాటేమో అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, చెవి వెనక్కి జుట్టు కూడా సర్దుకున్నాను.

"చెప్పండి మాస్టారూ."

"పోయిన నెల మా కాలేజీలో రక్తం ఇచ్చాను, గుర్తుందా? ఆ బ్లడ్ బ్యాంకు వాళ్లు పిలిపించారు. నా రక్తం పనికిరాదన్నారు." గొంతు తగ్గించాడు. "సిఫిలిస్ అట. ఇంకోచోట మళ్లీ చేయించాను. అక్కడా అదే వచ్చింది. నువ్వూ చూపించుకోవాలి. ఆలస్యం చెయ్యకు."

ఆ పేరు నాకు తెలుసు. బళ్లో మా టీచరు చదవకుండా దాటేసిన పాఠంలో ఉండేది. దాటేసింది కాబట్టే అందరం ఇంటికెళ్లి చదివాం.

"మీకెక్కణ్ణించి వచ్చింది?"

"నీకు ముందు ఒకావిడ... రెండేళ్ల కిందటి మాట. చాలా మంచావిడ. అలాంటి మనిషి కాదు."

"నాలాగా?"

తలెత్తి చూశాడు. "నీలాగే," అన్నాడు.

గొడుగు నా చేతిలో పెట్టి వానలోకి వెళ్లిపోయాడు. నేను లోపలికొచ్చి మళ్లీ దుప్పటి కొస పట్టుకున్నాను. బట్ట వంకరగా పోయింది. అవతలి మనిషి "ఏమే, కళ్లు ఎక్కడున్నాయ్?" అని కసిరింది.

నాకప్పుడు ఇరవై అయిదేళ్లు. అప్పటికి నా బతుకులో ఇద్దరు మగవాళ్లు. మాస్టారుకు ముందు వ్యాను అతను. హోటళ్ల చుట్టూ తిరిగి మాసిన దుప్పట్లు తెచ్చి, ఉతికినవి పట్టుకెళ్లే వ్యాను అతనిది. చెవికి పోగు, మెడ మీద పచ్చబొట్టు, ప్రతి గేటు దగ్గరా ఎవరో ఒకరితో పరాచికం. అతనితో ఉన్న ఆరు నెలలూ కండోమ్ లేనిదే దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు. ప్యాకెట్టు మీద తేదీ కూడా వెలుగులో పెట్టి చూసేదాన్ని. మాస్టారు సంగతి వేరు. ఇస్త్రీ చేసిన చేతిరుమాలు, కత్తిరించుకున్న గోళ్లు, ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగి గానీ నోరు తెరవని మర్యాద. అలాంటి మనిషిని "తెచ్చారా?" అని అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగితే ఆయన్ని అవమానించినట్టు అనిపించింది. ఆయనా అడగలేదు. నన్ను అవమానించకూడదని ఆయన అనుకుని ఉంటాడు. ఇద్దరం మర్యాదగానే ఉన్నాం.

*

అమ్మ పోయాక నేను అన్నయ్య ఇంట్లోనే ఉంటున్నాను. రెండు గదులు, ఒక వంటగది, ఒక బాత్రూం. ముందు గదిలో వదిన కుట్టు మెషిను. బళ్లు తెరిచే కాలం కాబట్టి గదంతా యూనిఫారం గుడ్డలే. కూర్చోవాలంటే ఎవరిదో నీలం నిక్కరు పక్కకి జరపాలి. వదినకి అప్పుడు అయిదో నెల.

అన్నయ్య లిఫ్టులు బిగించే పని చేస్తాడు. నెలలో సగం రోజులు వేరే ఊళ్లలో, లాడ్జీల్లో. వాడంత జాగ్రత్తపరుణ్ణి నేను చూడలేదు. పదో అంతస్తు నుంచి లిఫ్టు గుంటలోకి దిగే ముందు నడుముకు బెల్టు బిగించి మూడుసార్లు గుంజి చూసుకుంటాడట. ఇంట్లో కూడా అంతే. గ్యాస్ మీట ఒకసారి, తలుపు గడియ రెండుసార్లు. మేం నవ్వితే "నవ్వండి, నవ్వండి. పడినవాణ్ణి మీరు చూళ్లేదు," అనేవాడు.

నేను మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఏం చేశానో చెప్తాను. తలుపు గడియ పెట్టుకుని అద్దంలో నాలుక చూసుకున్నాను. అరచేతులు చూసుకున్నాను. ఒంటి మీద ఎన్నాళ్లుగానో ఉన్న పుట్టుమచ్చ కూడా కొత్తగా కనిపించింది. నా తువ్వాలు తీసి కిటికీ ఊచకు వేరుగా ఆరేశాను. నా కంచం, నా గ్లాసు మరిగే నీళ్లలో ముంచాను. వదిన నా సబ్బు ముట్టుకుంటుందేమోనని దాన్ని కాగితంలో చుట్టి నా పెట్టెలో దాచుకున్నాను. నా వల్ల కడుపులో బిడ్డకి ఏమైనా అయితే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి నా గ్లాసు మళ్లీ మరిగించేదాన్ని.

నాలుగో రోజు పొద్దున వదిన మెషిను ఆపి నా వైపు తిరిగింది.

"ఏమే బుడ్డీ, సబ్బు పెట్టెలో దాచుకున్నావ్, కంచం వేరు, తువ్వాలు వేరు. మాతో చెప్పకుండా వేరు కాపురం పెట్టావా?"

నవ్వుదామనుకున్నాను. ఏడుపొచ్చింది. నీలం గుడ్డల మధ్య కూలబడి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. వదిన సూది కింద ఉన్న గుడ్డ తీసి, దారం తెంపి, మడతపెట్టింది.

"చీర మార్చుకుని వస్తా. ఒక్కదానివీ ఎక్కడికెళ్తావ్?"

"నువ్వెందుకు వదినా, ఈ వానలో, ఈ కడుపుతో..."

"నోర్మూసుకుని గొడుగు తియ్యి."

*

ఆస్పత్రిలో ఆ గది వరండా చివర ఉంది. బయట బోర్డు మీద ఏ జబ్బు పేరూ లేదు, ఒక అంకె మాత్రం ఉంది. బెంచీ మీద కూర్చున్నవాళ్లెవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. అందరూ ఎదుటి గోడ మీద చెమ్మ మరకనే చూస్తున్నారు. నేనూ చూశాను.

లోపల ఒక పెద్ద వయసు నర్సమ్మ. కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. వదిన నాతోపాటే లోపలికొచ్చి నా పక్కన కూర్చుంది.

"ఎంతమంది?" అంది నర్సమ్మ, వయసెంత అని అడిగినట్టే.

"ఇద్దరు."

"కండోమ్ వాడేవాళ్లా?"

"ఒకతనితో ఎప్పుడూ వాడాం. ఒకాయనతో ఎప్పుడూ వాడలేదు."

"వాడనిది ఎవరితో?"

"మంచివాడితో," అన్నాను. అన్నాక గానీ ఆ మాట నా చెవికి వినబడలేదు.

నర్సమ్మ నవ్వలేదు. "ఈ కుర్చీలో కూర్చున్నవాళ్లు చాలామంది ఇదే చెప్తారమ్మా. రౌడీలా ఉన్నవాడి దగ్గర అన్నీ గుర్తుంటాయి. మంచివాడి దగ్గర ఏమీ గుర్తుండవు. మొహం చూసి చెప్పగలిగితే ఇక మాకు ఈ సూదులెందుకు?"

నా రక్తం తీసింది. దూది ఒత్తిపెట్టుకోమని, వదిన వైపు తిరిగింది.

"నువ్వెవరమ్మా?"

"దీని వదిన్నండీ. తోడొచ్చాను."

"ఎన్నో నెల? కార్డు ఉందా?"

వదిన సంచీలోంచి కార్డు తీసి ఇచ్చింది. నర్సమ్మ వేలు పెట్టి ఒక్కో గడీ చూసుకుంటూ పోయి ఒకచోట ఆగింది.

"ఈ గడి ఖాళీగా ఉందేం? ఈ పరీక్ష చేయించుకోలేదా?"

వదిన నవ్వింది. "అదా? ఈ కార్డు రాసిన చోట అమ్మాయి చేస్తానంది. నేనే వద్దన్నాను. నాకెందుకండీ ఈ పరీక్ష? పెళ్లయినదాన్ని. ఆయన తప్ప ఇంకో మగాడి మొహం ఎరగను."

"అందరికీ చేస్తాం తల్లీ. ఇది మొదటి కాన్పా?"

"రెండోది." వదిన నవ్వు ఆగింది. "పోయినేడు ఏడో నెలలో కడుపులోనే పోయింది. మెషిను తొక్కీ తొక్కీ అలా అయింది. ఇప్పుడు మా ఆయన దానికి మోటారు పెట్టించారు."

నర్సమ్మ కలం ఒక్క క్షణం కాగితం మీద ఆగింది. ఏదో రాసుకుంది. తలెత్తకుండానే, "చెయ్యి ఇటు చాపమ్మా," అంది.

*

మర్నాడు మళ్లీ వెళ్లాం. ముందు నాది చెప్పింది. ఏమీ లేదు. అయినా ఆ మనిషితో ఈమధ్య దాకా ఉన్నాను కాబట్టి ముందుజాగ్రత్తకి ఒక ఇంజెక్షన్ చేస్తానంది. హెచ్‌ఐవీ కూడా ఇప్పటికి లేదు, ఆ మాట గట్టిగా చెప్పాలంటే మూడు నెలలు పోయాక మళ్లీ రావాలంది. నాకు సగమే వినబడింది. బిగబట్టి ఉన్న ఊపిరి ఒక్కసారి వదిలేసరికి ఏడుపొచ్చేసింది. వదిన తన పైటచెంగుతో నా మొహం తుడిచి, "చూశావా, ఊరికే చచ్చావు నాలుగు రోజులు," అని నవ్వింది.

"నువ్వు కొంచెం కూర్చోమ్మా," అంది నర్సమ్మ వదినతో. నా వైపు చూసి, "నువ్వు బయట ఉంటావా?" అంది.

వదిన నా మణికట్టు పట్టుకుంది. "ఉండనీండి."

నర్సమ్మ మెల్లగా చెప్పింది. వదిన రక్తంలో సిఫిలిస్ ఉంది. హెచ్‌ఐవీ లేదు. భయపడకు, ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు. వారానికి ఒకటి చొప్పున మూడు పెన్సిలిన్ ఇంజెక్షన్లు, ఒక్క వారం కూడా తప్పకూడదు. ఆ మందు బిడ్డకి కూడా అందుతుంది. మీ ఆయన్ని తప్పకుండా తీసుకురావాలి. ఆయన చేయించుకోకపోతే మళ్లీ నీకే వస్తుంది.

వదిన పట్టు నా మణికట్టు మీద బిగిసింది. తరవాత అంది:

"మేమిద్దరం ఒకటే బాత్రూం వాడతామండీ. ఒకటే బక్కెట్టు. మొన్నటిదాకా ఒకటే సబ్బు."

"బక్కెట్టుతో రాదమ్మా. సబ్బుతో రాదు. అయినా ఈ అమ్మాయికి లేనేలేదుగా, నీకెలా ఇస్తుంది?"

"అయితే మీ పరీక్ష తప్పేమో."

"రెండు రకాలుగా చేశాం తల్లీ."

బయట వరండాలో ఎవరో తుమ్మారు. వదిన ఇంకొక్క ప్రశ్నే అడిగింది. "పోయినేడు పోయిన బిడ్డ... దీనివల్లేనా?"

"అయి ఉండొచ్చు. ఇప్పుడు కచ్చితంగా చెప్పలేం," అంది నర్సమ్మ. "ఈ బిడ్డ సంగతి చూద్దాం. అటు తిరిగి పడుకో."

ఆ మందు చిక్కగా ఉంటుంది, ఎక్కుతుంటే కాలు మొత్తం లాగేస్తుంది. ముందు నాకు చేశారు కాబట్టి నాకు తెలుసు. వదిన మూలగను కూడా మూలగలేదు. ఇద్దరం కుంటుకుంటూ ఇంటికి నడిచాం. వీధి మలుపు దగ్గర వదిన ఆగి, "మీ అన్నయ్యకి ఫోనులో ఏం చెప్పకు. వచ్చాక నేనే చెప్తాను," అంది. అంతే. ఇంటికెళ్లి మెషిను ముందు కూర్చుని, ముందురోజు ఆపిన చోటి నుంచి కుట్టు మొదలుపెట్టింది.

*

అన్నయ్య రావడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ తొమ్మిది రోజులు మా ఇల్లు ఎలా ఉండేదో చెప్పాలంటే, ఇద్దరు ఆడవాళ్లు ఒక పొట్ట వంక చూస్తూ బతికారని చెప్పాలి. వదిన కుడుతూ కుడుతూ హఠాత్తుగా మోటారు ఆపేసేది. నేను వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చేదాన్ని.

"కదిలిందా?"

"ఉండు."

ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్లం. కప్పు మీద వాన చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. ఒకసారి అరగంట అలాగే కూర్చున్నాం. నాకు కాళ్లు తిమ్మిరెక్కాయి, లేవడానికి భయం. లేస్తే ఏదో అయిపోతుందని. చివరికి వదిన నా చెయ్యి లాక్కుని తన పొట్ట మీద పెట్టుకుంది. లోపల్నుంచి చిన్న తాపు. ఆ రోజు మేం తిన్న అన్నం ఒంటబట్టింది.

ఒక రోజు ఏదో మామూలు సంగతి చెప్పినట్టే అంది వదిన, గుండీలకు కాజాలు కుడుతూ: "కార్డు రాసిన ఆ అమ్మాయి గడి మీద వేలు పెట్టి మరీ అడిగింది బుడ్డీ. నేనే నవ్వాను."

నేను ఇంకో సూదికి దారం ఎక్కించి అందించాను.

వ్యాను అతనికి కూడా చెప్పమని నర్సమ్మ నాకు చెప్పింది. అతనితో మాట్లాడి ఏడాది అవుతోంది. దుప్పట్ల మూటలు దించుతుండగా వెళ్లి, వ్యాను వెనక తలుపు చాటున నిలబడి, కళ్లు నేల మీద పెట్టి, సంగతి చెప్పాను. మన మధ్య ఎప్పుడూ జాగ్రత్తగానే ఉన్నాం, నాకేమీ లేదు కూడా, అయినా నువ్వూ ఒకసారి చూపించుకో అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. మూట కింద పెట్టి, పర్సులోంచి నాలుగు మడతల కాగితం తీసి చూపించాడు. రెండు నెలల కిందటి రక్తపరీక్ష.

"ఆర్నెల్లకోసారి చేయించుకుంటాను. రోడ్డు మీద బతికేవాణ్ణి, నా మీద నాకే అనుమానం," అన్నాడు. "ఆ ప్యాకెట్లు తెచ్చింది ఎవరనుకున్నావ్? నేనేగా? నువ్వేమో తేదీ వెలుగులో పెట్టి చూసేదానివి, నేనేదో దొంగసరుకు అమ్ముతున్నట్టు."

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆస్పత్రికి మళ్లీ ఎప్పుడు?"

"రేపు. మా వదినకి అయిదో నెల, పనుంది అక్కడ."

ఏం పని అని అడగలేదు. "వ్యాను ఖాళీగా ఉంటుంది. కడుపుతో ఉన్నావిణ్ణి వానలో నడిపించకు," అన్నాడు.

రెండో ఇంజెక్షనుకు ఆ వ్యానులోనే వెళ్లాం. వదిన ముందు సీట్లో, నేను వెనక దుప్పట్ల మూటల మీద. గుంట వచ్చిన ప్రతిచోటా అతను బండిని ఆపినంత పని చేసి దాటించాడు. దిగాక వదిన అతని వెనక చూస్తూ, "చెవిపోగు ఒకటి లేకపోతే మనిషి బానే ఉండేవాడు," అంది. ఆ పదిరోజుల్లో అదొక్కసారే నేను నవ్వింది.

*

అన్నయ్య శనివారం వచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వదిన నన్ను గదిలోకి వెళ్లమనలేదు. కత్తెర కింద పెట్టి ఉంచిన కాగితం తీసి అన్నయ్య ముందు పెట్టింది.

"ఏంటిది?"

"చదవండి."

చదివాడు. మళ్లీ చదివాడు. వాడి కళ్లు వదిన మీదికి వెళ్లలేదు. సూటిగా నా మీదికొచ్చాయి.

"నీ పనేనా ఇది?"

"అన్నయ్యా..."

"నువ్వు తిరిగే తిరుగుళ్లు నాకు తెలీవనుకుంటున్నావా? ఆ వ్యాను వాడు, చెవికి పోగేసుకుని... ఒకటే బాత్రూం ఈ ఇంట్లో, ఒకటే బక్కెట్టు! కడుపుతో ఉన్న మనిషుంటుందన్న జ్ఞానం లేదా నీకు?"

అరుస్తున్నాడు గానీ ఆ అరుపులో కోపం లేదు. వాడి మొహం చూశాను. చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టి అమ్మ ముందు నిలబడ్డప్పుడు ఉండే మొహం.

దాచడం ఎందుకు, ఒక్క క్షణం ఒప్పేసుకుందామనుకున్నాను. అవును, నా వల్లే అంటే పోయేదేముంది, నా పేరేగా. వదినకు మొగుడు మిగులుతాడు, బిడ్డకు తండ్రి మిగులుతాడు. నేను ఎక్కడో ఒక గది చూసుకుంటాను. నోరు కూడా తెరిచాను.

వదిన నా వంక చూడలేదు. మెషిను సొరుగు లాగి ఇంకో కాగితం తీసి మొదటిదాని పక్కన పెట్టింది.

"దానిది ఇది. ఏమీ లేదు."

అన్నయ్య రెండు కాగితాల్నీ చూశాడు. కుర్చీలో కూర్చున్నవాడు ఇంకా కిందికి కుంగిపోయాడు. ఎవరింట్లోనో రేడియో మోగుతోంది. చివరికి, కాగితాలతో చెప్తున్నట్టు, అన్నాడు:

"బయట ఎప్పుడూ జాగ్రత్తగానే ఉన్నాను. ఒక్కచోట తప్ప."

"రెండు చోట్ల," అంది వదిన, తన పొట్ట మీద చెయ్యి వేసి.

వాడికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని వదిన అడగలేదు. లేచి, కంచాలు తీసి, గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"పోయినేడు మెషిను తొక్కడం వల్లే పోయిందన్నారు మీరు. డాక్టరు అన్లేదు ఆ మాట. మీరన్నారు. నేను నమ్మాను. ఏడాది నుంచీ ఆ మెషిను మీద చెయ్యి వేసినప్పుడల్లా నా బిడ్డని నేనే చంపుకున్నాననుకున్నాను."

గొంతు పెంచలేదు. వంటగదిలో కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది.

ఆ రోజు నుంచి నేను వదిన గదిలోకి మారాను. అన్నయ్య ముందు గదిలో, యూనిఫారాల పక్కన చాప వేసుకున్నాడు. "బిడ్డ పుట్టేదాకా నేనేం మాట్లాడను. పుట్టాక చూద్దాం," అని వదిన ఒక్కసారి చెప్పింది. మరి ఎత్తలేదు.

మూడో ఇంజెక్షను రోజు మేం వెళ్లేసరికి అన్నయ్య బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. మాకంటే ముందే పనిలోంచి నేరుగా వచ్చాడు. బెల్టు ఇంకా నడుముకే ఉంది. అందరిలాగే వాడూ ఎదుటి గోడ చూస్తున్నాడు. నర్సమ్మ వదినని పిలిచింది, తరవాత వాణ్ణి పిలిచింది. ముందురోజే వచ్చి ఇచ్చి వెళ్లాడట, వాడి రక్తంలోనూ ఉంది. వాడికీ మూడు వారాలు. మొదటి సూదికి వాడు కేక పెట్టాడు. బయటికి వినబడింది. వదిన కదల్లేదు గానీ, ఆమె వేళ్లు పైటచెంగుని ముడి వేసి, మళ్లీ విప్పాయి.

*

వానలు వెనకబడే రోజుల్లో నా మూడు నెలలు పూర్తయ్యాయి. కాగితం తీసుకున్న రోజు మెట్ల మీద కూర్చుని ఒక్కో అక్షరం చదువుకున్నాను. ఏమీ లేదు. మొదటిసారి ఏడ్చినట్టు ఏడుపు రాలేదు. ఆకలి వేసింది.

ఆ వారమే మాస్టారు మళ్లీ గేటు దగ్గరికొచ్చాడు. మందు పూర్తయిందన్నాడు. చిక్కిపోయాడు పాపం. గొడుగు తిరిగిచ్చాను.

"మళ్లీ మొదట్నుంచి మొదలుపెడదామా?" అన్నాడు.

"ఈసారి కాగితాలు చూపించుకుని మొదలుపెట్టాలి మాస్టారూ. ఆ తరవాత కూడా ప్యాకెట్టు ఉండాలి."

ఆయన మొహం చిన్నబోయింది. "అంతా చెప్పుకున్నాం కదా. నా మీద నమ్మకం లేదా?"

"బోలెడుంది. నాకు భయం దాంతోనే."

ఆలోచించుకుని వస్తానన్నాడు. వచ్చి చెప్పినందుకు ఆయన మీద నాకు గౌరవం ఉంది, ఇప్పటికీ ఉంది. వచ్చి చెప్పకపోతే నేను ఆస్పత్రికి వెళ్లేదాన్ని కాదు, నా వెనక వదిన వచ్చేది కాదు. కానీ ఆయన మళ్లీ రాలేదు.

వదినకి నెలలు నిండిన కొద్దీ భయం తగ్గాల్సింది, పెరిగింది. ఏడో నెల మొత్తం ఆవిడ గట్టిగా మాట్లాడలేదు, మెట్లు దిగలేదు, అద్దం చూసుకోలేదు. ఎనిమిదో నెల వచ్చిన రోజు పొద్దున్నే మెషిను ముందు కూర్చుని, మోటారు వైరు పీకేసి, కాలితో తొక్కి కుట్టింది. ఒక జేబు కుట్టి లేచిపోయింది. అన్నయ్య చాప చుడుతూ అది చూశాడు. చూసి, తల వంచుకుని పనికెళ్లిపోయాడు.

పాప ఒక శుక్రవారం తెల్లవారాక పుట్టింది. ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక కూడా మాకు నమ్మకం కలగలేదు. అరికాలి నుంచి చిట్టి గొట్టంలోకి రక్తం తీసుకుని మూడు రోజులు ఆగమన్నారు. ఆ మూడు రోజులూ వదిన పాప అరచేతులు విప్పి చూస్తూనే ఉంది. నేను పాప పక్కన కూర్చుని వేళ్లు లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టాను. మూడో రోజు డాక్టరమ్మ వచ్చి, పాపకి ఏమీ అంటలేదు, మందు సమయానికి పడింది, అయినా కొన్ని నెలలకి ఇంకోసారి చూద్దాం అంది. ఇంకోసారి అన్న మాటకి వదిన కళ్లు మూసుకుంది. తరవాత సరేనంది.

ఆ సాయంత్రం అన్నయ్య వార్డు గుమ్మంలోకి వచ్చాడు. ఆ మూడు రోజులూ వరండాలోనే ఉన్నాడు, లోపలికి అడుగు పెట్టలేదు. గుమ్మం పట్టుకుని పాప వైపు చూశాడు, వదిన వైపు చూశాడు.

"ఎత్తుకోనా?" అన్నాడు.

అన్నయ్య ఎప్పుడూ ఎవరినీ అలా అడగడం నేను వినలేదు. వదిన పాప మొహం మీది గుడ్డ సర్దింది. చాలాసేపు సర్దింది. నేను అటు కిటికీ వైపు తిరిగాను.

"చేతులు కడుక్కుని రండి," అంది.

వాడు గబగబా వరండా చివరికి వెళ్లాడు. కుళాయి తిప్పిన చప్పుడు వచ్చింది. నీళ్లు పడుతూనే ఉన్నాయి. పాప ఒకసారి ఆవలించింది, వదిన జుట్టు విప్పి ముడేసుకుంది, పక్క మంచం ఆవిడకి టీ వచ్చింది. నీళ్లు ఇంకా పడుతూనే ఉన్నాయి.

"ఏం చేస్తున్నారో చూసి రా," అంది వదిన.

వెళ్లి చూశాను. చొక్కా చేతులు పైకి మడిచి, మోచేతుల దాకా సబ్బు రాసుకుని, గోళ్ల సందుల్లో రుద్దుకుంటున్నాడు. లిఫ్టు గ్రీజు గోళ్లలోంచి అంత తేలిగ్గా పోదు. నన్ను చూడలేదు. తిరిగొచ్చాను.

"కడుగుతున్నాడు వదినా. ఇంకా."

వదిన పాపని దగ్గరికి తీసుకుంది.

"కడగనీ," అంది.